కిటికీ దించినా ఆట ఆగదు

రెండు చదరంగం ఇంజన్లను పోటీకి దింపి, విండో మినిమైజ్ చేసి, లేచి వేరే పనికి వెళ్లిపోగలగడం ఒక విద్య. పైకి చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. నేర్చుకుంటే మాత్రం కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది, అంతకంటే ముఖ్యంగా ఒక పనిని అప్పగించడం ఎలాగో తెలుస్తుంది. అప్పగించిన పనిని నిమిషానికోసారి తొంగి చూసేవాడు రెండు పనులూ చెడగొట్టుకుంటాడు. ఏ ఏర్పాటూ చేయకుండా వదిలేసి వెళ్లేవాడికి సాయంత్రం చేతికొచ్చేవి పనికిరాని అంకెలు. ఈ అధ్యాయంలో చెప్పేది ముందు చేసుకోవాల్సిన ఏర్పాటు గురించి.

ఇంజన్ మ్యాచ్‌లు ఎవరికి కావాలి? ఒకటి, సొంతంగా ఇంజన్ రాసుకునే విద్యార్థికి. నిన్నటి కోడ్ కంటే ఇవాళ్టి కోడ్ బలంగా ఉందా లేదా అన్నది ఎవరూ కూర్చుని చెప్పలేరు. రెండింటి మధ్య వందల ఆటలు నడిస్తే తప్ప తేలదు. రెండు, ఓపెనింగ్ తయారీ చేసుకునే ఆటగాడికి. ఒకే పొజిషన్ నుంచి ఇంజన్లు మళ్లీ మళ్లీ ఆడితే, పుస్తకంలో బాగున్న లైను ఆటలో నిలబడుతుందో లేదో తెలుస్తుంది. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు అతని సహాయక బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటల హరికృష్ణ కూడా ఉన్నారు. అలాంటి బృందాల తయారీలో ఇంజన్ విశ్లేషణది పెద్ద వాటా. ఆ స్థాయిలో పెద్ద సర్వర్లు అద్దెకు తీసుకుంటారు. మా వైపు నిమ్మాడలోనో, కోటబొమ్మాళిలోనో, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి తోటల్లోనో ఉండే పిల్లాడి దగ్గర ఉండేది అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, పాత విండోస్, తిరిగే హార్డ్ డిస్క్. ఆ లాప్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు సొంతంగా ఒక ఇంజన్ రాసుకున్నాడు. సెలవులకు నిమ్మాడ వచ్చి, అరీనా అనే ఉచిత ప్రోగ్రాంలో తన కొత్త వెర్షన్‌కూ పాత వెర్షన్‌కూ పోటీ పెట్టాడు. విండో కిందికి దించి, టాస్క్ మేనేజర్ తెరిచి, కంగారుగా కేకేశాడు.

"మావయ్యా, ఇదేటి ఇలగైపోనాది? దించీగానే మెమరీ మొత్తం పడిపోనాది! ఇంజను మతి పోయినట్టే కదా?"

"ఏ ఇంజనురా? ఆ వరసలో పేరేటుందో చదువు."

చదివాడు. అది అరీనా పేరు. దాని కిందే రెండు వరసల్లో రెండు ఇంజన్ల పేర్లు వేరేగా ఉన్నాయి. వాటి అంకెలు కదలలేదు. వాడి ముఖం తేటపడింది. తెరమీద మనకు ఒక్కటే బోర్డు కనిపిస్తుంది కాబట్టి లోపలా ఒక్కటే ప్రోగ్రాం ఉందనుకుంటాం. నిజానికి అక్కడ ముగ్గురున్నారు.

ఆ ముగ్గురి సంగతి ముందు తెలుసుకోవాలి. బోర్డు గీసి, గడియారం నడిపి, ఆటను ఫైలులో రాసేది ఒక ప్రోగ్రాం. ఆలోచించే ఇంజన్లు రెండు, విడివిడి ప్రోగ్రాంలు. వీటి మధ్య మాటలన్నీ మామూలు అక్షరాల్లో, ఒక పైపు గుండా నడుస్తాయి. ఆ మాటలకు కట్టుబాటు యూసీఐ. రుడాల్ఫ్ హూబర్, స్టెఫాన్ మేయర్-కాలెన్ 2000లో తయారుచేశారు. బోర్డు ప్రోగ్రాం "పొజిషన్ ఇది, నీ గడియారంలో ఇంత సమయం ఉంది, ఆలోచించు" అంటుంది. ఇంజన్ ఆలోచిస్తూ మధ్యమధ్య తన లెక్క చెబుతూ, చివరికి ఎత్తు చెబుతుంది. ఇంజన్‌కు సొంత కిటికీ లేదు. కనుక మీరు మినిమైజ్ చేసినది బోర్డును మాత్రమే. తనను ఎవరూ చూడటం లేదన్న సంగతి ఇంజన్ దాకా చేరదు.

మరి బోర్డు ప్రోగ్రాం అంకె ఎందుకు పడిపోయింది? పాత విండోస్‌లో ఇది కొట్టొచ్చినట్టు కనిపించే అలవాటు. ఒక ప్రోగ్రాం ముఖ్య విండోను కిందికి దించగానే, "ఇతనికి ఇప్పుడు ఇంత చోటు అక్కర్లేదు" అని విండోస్ దాని వర్కింగ్ సెట్‌ను కుదించేది. వర్కింగ్ సెట్ అంటే ఆ ప్రోగ్రాంకు ఆ క్షణాన ర్యామ్‌లో చేతికి అందుబాటులో ఉన్న పేజీలు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో అయితే ఈ కుదింపు కావాలో వద్దో ఎంచుకోవడానికి లోపలెక్కడో ఒక సెట్టింగ్ కూడా ఉండేది. ఇప్పటి విండోస్ ఇంత తొందరపడదు. కొన్ని ప్రోగ్రాంలు మాత్రం దిగినప్పుడు తమంతట తామే కుదించుకుంటాయి.

కుదిస్తే పోయినట్టేనా? కాశీబుగ్గలో జీడిపప్పు గ్రేడింగ్ చేసే చోటికి వెళ్లినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అమ్మాయి ముందు బల్లమీద ఉన్న పప్పు చేతికందుతుంది. ఆమె కాసేపు లేచి వెళితే ఆ ట్రేను వెనక అరలోకి జరుపుతారు. వెంటనే తిరిగొస్తే ట్రే మళ్లీ బల్లమీదికి రావడానికి క్షణం చాలు. ఆ అర ఇంకొకరికి కావాల్సి వచ్చినప్పుడే ట్రే గోడౌన్‌కు పోతుంది, అప్పుడు తేవడం ఆలస్యం. విండోస్‌లో ఆ బల్ల వర్కింగ్ సెట్, వెనక అర స్టాండ్‌బై జాబితా, గోడౌన్ డిస్క్ మీదున్న పేజ్‌ఫైల్. మా వాడు చూసినది బల్లమీద నుంచి అరలోకి జరిగిన ట్రే. ఏదీ పారేయలేదు. విండో పైకి తీసినప్పుడు బోర్డు ఒక్క క్షణం తడబడి కనిపిస్తే, ఆ ట్రేలు తిరిగి బల్లెక్కుతున్నాయని అర్థం.

బోర్డు ప్రోగ్రాం మెమరీ గురించి ఇంతకంటే దిగులు పడక్కర్లేదు. అసలు దిగులు పడాల్సినది ఇంజన్ల మెమరీ గురించి. అది మీరు విండో దించినందువల్ల పోదు. వేరే దారిలో పోతుంది.

ఇంజన్ గుర్తుపెట్టుకునే పట్టిక

చదరంగంలో ఒకే పొజిషన్‌కు చాలా దారుల్లో చేరుకోవచ్చు. ముందు గుర్రం, తర్వాత ఏనుగు కదిపినా, ముందు ఏనుగు, తర్వాత గుర్రం కదిపినా చివరికి అదే బోర్డు. ఒకసారి లెక్కకట్టిన పొజిషన్‌ను మళ్లీ లెక్కకట్టడం దండగ. అందుకని ఇంజన్ తన లెక్కలను ఒక పెద్ద పట్టికలో రాసుకుంటుంది. 1967లో ఎంఐటీలో గ్రీన్‌బ్లాట్ బృందం రాసిన మ్యాక్ హ్యాక్ ఈ పట్టికను వాడింది. ప్రతి పొజిషన్‌నూ ఒక పెద్ద అంకెగా మార్చి పట్టికలో దాని చోటు వెతికే చక్కని పద్ధతిని 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ చెప్పాడు. ఈరోజుకీ ఇంజన్లు నడిచేది ఆ బాటలోనే. సెట్టింగుల్లో మీకు కనిపించే "హ్యాష్" అన్న అంకె ఆ పట్టిక సైజు, ఎంబీల్లో.

స్టాక్‌ఫిష్ అనే ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని పట్టికలో ఒక్కో నమోదు 10 బైట్లు. మూడేసి నమోదులను 32 బైట్ల గుంపుగా కడుతుంది. ఈ లెక్కన ఒక ఎంబీలో 98,304 నమోదులు పడతాయి. 64 ఎంబీ ఇస్తే దాదాపు 63 లక్షలు. పాత లాప్‌టాప్‌లో ఒక కోర్ మీద ఇంజన్ సెకనుకు 5 లక్షల పొజిషన్లు చూస్తుందనుకోండి. ఎత్తుకు 10 సెకన్లు ఆలోచిస్తే 50 లక్షలు. అంటే 64 ఎంబీ సరిపోతుంది, 128 ఇస్తే ధారాళం. అయినా ఎంతోమంది కుర్రాళ్లు ఆ గడిలో 1024 కొడతారు, ఎక్కువైతే మంచిదేగా అని. చిన్న సమయాలతో నడిచే మ్యాచ్‌లో ఆ అదనపు పట్టిక ఎక్కువభాగం ఖాళీగానే ఉంటుంది. పట్టిక ఎంత నిండిందో ఇంజన్ చెబుతూనే ఉంటుంది. హ్యాష్‌ఫుల్ అని వచ్చే ఆ అంకె వెయ్యికి ఎంత నిండిందో తెలుపుతుంది. ఆటంతా చూసినా అది 200 దాటకపోతే మీరు ఇచ్చిన మెమరీలో ఎక్కువ పాలు వృథా. ఎత్తు సగంలోనే 1000కి చేరుతుంటే తక్కువ ఇచ్చారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. నాకు ఈ మొత్తం విషయంలో ఎంతో ఇష్టమైన లెక్క ఇది. విండోస్ మెమరీని 4 కేబీ పేజీలుగా చూస్తుంది. 64 ఎంబీ పట్టికలో 16,384 పేజీలుంటాయి. ఇంజన్ పట్టికను వరసగా చదవదు. జోబ్రిస్ట్ అంకె ఎక్కడికి పంపితే అక్కడికి, అంతటా చెల్లాచెదురుగా తడుముతుంది. సెకనుకు 5 లక్షల తడుములాటలు 16,384 పేజీల మీద పంచితే, ఒక్కో పేజీ సెకనుకు 30 సార్లు తాకబడుతుంది. వాడకంలో లేని పేజీల కోసం విండోస్ వెతుకుతున్నప్పుడు ఇవి దాని కంట పడనే పడవు. ఆలోచిస్తున్న ఇంజన్‌కు కాపలా అక్కర్లేదు, పనే కాపలా.

చిక్కు నిద్రపోతున్న ఇంజన్‌తో వస్తుంది. ఇంజన్ మ్యాచ్‌లలో సాధారణంగా పాండర్ ఆపేస్తాం. అంటే అవతలివాడి వంతులో ఆలోచించకూడదు. రెండు కోర్ల లాప్‌టాప్‌లో ఇది సరైన నిర్ణయం, లేకపోతే రెండు ఇంజన్లూ ఒకేసారి ప్రాసెసర్ కోసం పెనుగులాడతాయి. అయితే దీనివల్ల ఒక ఇంజన్ ఆలోచిస్తున్నంతసేపూ రెండోదాని పట్టికను ఎవరూ ముట్టుకోరు. ర్యామ్‌లో చోటు ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. మీరు విండో దించి, బ్రౌజర్ తెరిచి, నాలుగు ట్యాబ్‌లు, ఒక వీడియో పెట్టుకున్నారనుకోండి. వాటికి చోటు కావాలి. విండోస్ చుట్టూ చూస్తుంది. కదలకుండా కూర్చున్న పెద్ద ముద్ద ఒకటి కనిపిస్తుంది. అదే నిద్రపోతున్న ఇంజన్ పట్టిక. విండోస్ 10 నుంచి ముందు కొంత ర్యామ్‌లోనే కుదించి పెట్టి చూస్తుంది. అదీ చాలకపోతే డిస్క్‌కు పంపేస్తుంది.

తర్వాత ఆ ఇంజన్ వంతు వస్తుంది. దాని గడియారం మొదలవుతుంది. మొదటి తడుములాటకే పేజీ ర్యామ్‌లో లేదు. తిరిగే హార్డ్ డిస్క్ ఒక చోటికి వెళ్లి చదవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అంటే సెకనుకు నూరు చోట్లు. చెల్లాచెదురైన 16,384 పేజీలను ఒక్కొక్కటిగా తేవాలంటే రెండున్నర నిమిషాలు దాటుతుంది. విండోస్ కొన్నిటిని కలిపి చదివి ఈ భారం తగ్గిస్తుంది, నిజమే. అయినా సెకనుకు 5 లక్షలు చూడాల్సిన ఇంజన్ ఆ కాసేపూ పాకుతూ నడుస్తుంది. లోతు తగ్గుతుంది, చెత్త ఎత్తు ఆడుతుంది, లేదా సమయం అయిపోయి, జెండా పడి ఓడిపోతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్‌లో ఈ దెబ్బ చాలా తక్కువ. మీ చేతిలో ఉన్నది పాతదే అయితే, ఖర్చు పెట్టగలిగిన మొదటి డబ్బు ఎస్ఎస్‌డీకే పెట్టండి. ప్రాసెసర్ గురించి తర్వాత ఆలోచించవచ్చు.

కాబట్టి మ్యాచ్‌ను చెడగొట్టేది, మీరు దించిన తర్వాత పైన తెరిచిన పనులు. ఇది తెలిసిన కుర్రాడు రెండు పనులు చేస్తాడు. హ్యాష్ అవసరమైనంతే ఇస్తాడు. మ్యాచ్ నడుస్తున్నంతసేపు బ్రౌజర్ మూసేస్తాడు.

4 జీబీలో ఎవరికి ఎంత

విండోస్‌కూ దాని వెనక పనులకూ సుమారు 2 జీబీ పోతుందనుకోండి. బోర్డు ప్రోగ్రాంకు ఒకటి రెండు వందల ఎంబీలు. ఇంజన్ ఒక్కోదానికి హ్యాష్ కాక, న్యూరల్ నెట్‌వర్క్ ఫైలు కోసం మరికొన్ని పదుల ఎంబీలు కావాలి. 2020లో స్టాక్‌ఫిష్ 12 నుంచి ఈ నెట్‌వర్క్ వచ్చింది. పాత పుస్తకాల్లో ఇచ్చిన మెమరీ లెక్కల్లో ఇది కలిసి ఉండదు. ప్రతి ఇంజన్‌కూ 128 ఎంబీ హ్యాష్ ఇస్తే రెండింటికీ కలిపి అర జీబీ చుట్టూ తిరుగుతుంది. ఇంకా జీబీకి పైగా ఊపిరి పీల్చుకునే చోటు మిగులుతుంది. ఆ మిగులును పొదుపు చేయాలని చూడకండి. అది ఉంటేనే నిద్రపోయే ఇంజన్ పట్టిక జోలికి ఎవరూ రారు.

ఒకేసారి రెండు ఆటలు నడిపితే ఇంజన్లు నాలుగు, హ్యాష్ పట్టికలూ నాలుగు. చాలామంది మరిచిపోయేది ఇదే. ఒకే ఇంజన్‌కు రెండు థ్రెడ్లు ఇస్తే మాత్రం పట్టిక రెండు కాదు, అవి ఒక్కదాన్నే పంచుకుంటాయి. హ్యాష్ పోటీపడే ఇంజన్లు రెండింటికీ సమానంగా ఇవ్వాలని వేరే చెప్పక్కర్లేదు. ఆట ఆటకూ మధ్య "కొత్త ఆట" అన్న సందేశం వెళ్లి పట్టికలు ఖాళీ అయ్యేలా చూసుకోండి. లేకపోతే ముందాటలో నేర్చిన లెక్కలు తర్వాతి ఆటలోకి వచ్చిపడతాయి. ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లు వాడేవాళ్లకు ఒక మాట: ఐదు పావుల దాకా ఉన్న సిజిజీ ఫైళ్లు దాదాపు ఒక జీబీ ఉంటాయి. వాటిని విండోస్ ఫైలు క్యాష్‌గా ర్యామ్‌లో ఉంచుతుంది. 4 జీబీ యంత్రంలో తిరిగే డిస్క్ మీద అవి లేకుండా నడపడమే మేలు.

ఏర్పాటు సరిగ్గా ఉందో లేదో కళ్లారా చూసుకోవచ్చు. స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని వెతికి, మెమరీ ట్యాబ్ తెరవండి. ప్రతి ప్రోగ్రాం పక్కన కమిట్, వర్కింగ్ సెట్, హార్డ్ ఫాల్ట్స్ అని వరసలు ఉంటాయి. మా మేనల్లుడు కంగారుపడింది వర్కింగ్ సెట్ చూసి. మీరు చూడాల్సింది హార్డ్ ఫాల్ట్స్. గోడౌన్‌కు పోయి తెచ్చుకోవాల్సి వచ్చిన పేజీలు సెకనుకు ఎన్నో ఆ అంకె చెబుతుంది. ఇంజన్ పేరు పక్కన అది సున్నా దగ్గర నిలిచి ఉంటే, విండో దించి ఉన్నా, తెర ఆరిపోయి ఉన్నా ఆట ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎత్తు మారినప్పుడల్లా అది ఎగసిపడుతుంటే హ్యాష్ సగానికి తగ్గించండి. కమిట్ అంకె పెద్దగా ఉందని భయపడకండి, అది విండోస్ ఇచ్చిన మాట. హ్యాష్ పెంచితే అదీ పెరుగుతుంది, విండో దించినా తగ్గదు.

రెండో పరీక్ష ఇంకా హాయిగా ఉంటుంది. స్టాక్‌ఫిష్‌ను నల్ల కమాండ్ విండోలో నేరుగా తెరిచి, బెంచ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అది తన దగ్గరున్న కొన్ని పొజిషన్లను నిర్ణీత లోతు దాకా లెక్కించి, చివర మూడు వరసలు చెబుతుంది: పట్టిన సమయం, చూసిన నోడ్లు (అంటే పొజిషన్లు), సెకనుకు నోడ్లు. ఒకే వెర్షన్ అయితే చూసిన నోడ్ల సంఖ్య ప్రతిసారీ అచ్చంగా ఒకటే వస్తుంది. కనుక తేడా వస్తే సమయంలోనే రావాలి. ఒకసారి విండో తెరిచి ఉంచి నడపండి. ఇంకోసారి నడిపి, వెంటనే దించేసి, కాసేపాగి తెరవండి. రెండు వేగాలూ దగ్గరగా ఉంటే మీ యంత్రం చూసినా చూడకపోయినా ఒకేలా పనిచేస్తోంది.

ఒకలా లేకపోతే? కొత్త లాప్‌టాప్‌లలో ఇది జరగవచ్చు, అప్పుడు తప్పు మెమరీది కాకపోవచ్చు. 2021లో వచ్చిన ఇంటెల్ 12వ తరం నుంచి చాలా ప్రాసెసర్లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు రెండు రకాలు ఉంటున్నాయి. కంటికి కనిపించని ప్రోగ్రాంలను విండోస్ 11 చిన్న కోర్లకు, పొదుపు వేగానికి పంపవచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. విండోస్ 11లో దిగిపోయిన విండో ఉన్న ప్రోగ్రాంకు సన్నని టైమర్ అందుతుందన్న హామీ లేదు. మామూలు టైమర్ అడుగు 15.6 మిల్లీసెకన్లు. ఆటకు పది సెకన్లు, ఎత్తుకు అదనంగా పదో వంతు సెకను లాంటి మెరుపు ఆటల్లో ఈ కొంచెం తేడా కూడా జెండా పడేయవచ్చు. పవర్ సెట్టింగ్‌లో బెస్ట్ పెర్ఫార్మెన్స్ పెట్టండి, ఛార్జర్ తీయకండి. ఆటకు నిమిషం, ఎత్తుకు అదనంగా అర సెకను లాంటి కొంచెం విశాలమైన సమయం ఇవ్వండి. మూత మూస్తే నిద్రలోకి జారే సెట్టింగ్‌ను తప్పకుండా మార్చండి. మినిమైజ్ చేస్తే ఇంజన్ ఆలోచిస్తూనే ఉంటుంది, స్లీప్‌లోకి పోతే ప్రాసెసరే ఆగిపోతుంది. ఫోన్‌లో ఇంజన్ నడిపేవాళ్ల పరిస్థితి ఇంకా వేరు. ఆండ్రాయిడ్‌లో యాప్ వెనక్కి వెళ్లాక మెమరీ చాలకపోతే సిస్టమ్ యాప్‌నే చంపేయవచ్చు. మ్యాచ్‌లకు ఫోన్ నమ్ముకోవద్దు.

అన్నిటికంటే శుభ్రమైన దారి ఒకటుంది. క్యూట్‌చెస్ కమాండ్ లైన్ ప్రోగ్రాం. దానికి బోర్డు లేదు, పావులు లేవు, గీయాల్సిన బొమ్మే లేదు. ఎవరితో ఎవరు, ఎన్ని ఆటలు, ఏ ఓపెనింగులు, ఒక్కో ఓపెనింగ్ రెండు రంగులతోనూ ఆడాలా, ఎప్పుడు ఓటమి ఒప్పుకోవాలి, ఇంజన్ కూలిపోతే మళ్లీ లేపాలా, అన్నీ ఒక్క వరసలో రాసి ఇస్తే పని మొదలవుతుంది. బోర్డు కోసం ఖర్చయ్యే మెమరీ ఇంజన్లకు మిగులుతుంది. ఇంకో మేలు, ఆట పూర్తికాగానే దాన్ని పీజీఎన్ అనే, ఆటలను ఎత్తులతో సహా రాసే ఫైలులో రాసేస్తుంది. ఇది మన ప్రాంతంలో చిన్న మేలు కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ కూలి, ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత ఉపద్రవం అక్కర్లేదు, ఈదురుగాలికి లైను పోయినా చాలు. ర్యామ్‌లో ఉన్నది ఆ క్షణమే పోతుంది. ఫైలులోకి దిగినది ఉంటుంది. రెండు వందల ఆటల తర్వాత కరెంటు పోతే పోవాల్సింది ఒక్క ఆట, అంతే.

తొంగి చూడకుండా ఉండటం

ఏర్పాటు అంతా అయ్యాక మిగిలేది మనసు. పది ఆటలకే స్కోరు చూసి, కొత్త వెర్షన్ 7–3తో గెలుస్తోందని సంబరపడి మ్యాచ్ ఆపేసే కుర్రాళ్లను నేను చాలామందిని చూశాను. ఇది చాలా నష్టం చేసే అలవాటు. సమాన బలమున్న రెండు ఇంజన్లు సగం ఆటలు డ్రా చేసుకుంటాయనుకుంటే, 100 ఆటల మ్యాచ్‌లో వచ్చే ఫలితం అటూ ఇటూ దాదాపు 50 ఎలో (ఆట బలాన్ని కొలిచే రేటింగ్ పాయింట్లు) ఊగుతుంది. 1000 ఆటలైతే ఆ ఊపు 15 దగ్గరికి తగ్గుతుంది. మీ కొత్త కోడ్‌లో మార్పు 10 ఎలో విలువైనదైతే వంద ఆటలు దాన్ని చూపలేవు. కనుక ఎన్ని ఆటలో ముందే తీర్మానించుకోండి, కాగితం మీద రాసిపెట్టుకోండి, అన్ని ఆటలూ అయ్యేదాకా స్కోరు జోలికి పోకండి.

మరి ఆ సమయంలో ఏం చేయాలి? నా సలహా సూటిగా చెబుతాను: చెక్క బోర్డు ముందు కూర్చోండి. చెన్నైలో పెరిగిన మన తెలుగింటి కుర్రాడు గుకేశ్‌ను అతని గురువు విష్ణు ప్రసన్న గ్రాండ్‌మాస్టర్ స్థాయికి వచ్చేదాకా ఇంజన్లకు దూరంగా ఉంచారు. 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిన పిల్లాడు లెక్కకట్టడం తన తలతో నేర్చుకున్నాడు. మీరు ఇంజన్ రాసేవాళ్లైనా సరే, యంత్రం ఆటల మీద ఆటలు ఆడే ఆ గంటలు మీకు దొరికిన ఖాళీ. ఆ ఖాళీలో ఒక్క ఎండ్‌గేమ్ అయినా యంత్రం సాయం లేకుండా చివరిదాకా లెక్కకట్టండి. తర్వాతి వెర్షన్‌లో ఏం మార్చాలన్నది ఎక్కువగా అలాంటప్పుడే తడుతుంది. ఇంటి పనికి వెళ్లాల్సి ఉంటే వెళ్లండి. విండో దించి ఉంది, హ్యాష్ కొలిచి ఇచ్చారు, ఆట ఫైలులోకి దిగుతోంది. మీరు పక్కనుండి చేయగలిగింది ఇంకేమీ లేదు.

తిరిగొచ్చాక స్కోరు కంటే ముందు పీజీఎన్ తెరవండి. ప్రతి ఆట పైనా ఉండే వివరాల్లో టెర్మినేషన్ అన్న వరస చూడండి. సమయం మీరి ఓడిన ఆటల్లో అక్కడ టైమ్ ఫోర్ఫిట్ (time forfeit) అని ఉంటుంది. ఫైలులో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో వెతికి లెక్కపెట్టండి. అవి నూటికి ఐదు ఉన్నాయనుకోండి, ఐదూ ఒకే ఇంజన్ ఖాతాలో పడ్డాయనుకోండి. రెండూ నిజానికి సమానమే అయినా ఫలితం 47.5–52.5 చుట్టూ తేలుతుంది, దానికి 17 ఎలో బలహీనుడన్న ముద్ర పడుతుంది. మీరు కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు, తప్పు ర్యామ్‌లో ఉంటుంది. ఆ ఐదు ఆటలూ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఉంటే, ఆ వేళకు ఏదో అప్‌డేట్ గానీ వైరస్ స్కాన్ గానీ నడిచి ఉంటుంది. ఆ ఆటలను, వాటి ఓపెనింగ్ జోడీలతో సహా, తీసేసి మళ్లీ ఆడించండి. మ్యాచ్ అంతటా చెదురుమదురుగా ఉంటే హ్యాష్ 128 నుంచి 64కు దించి, అవే ఓపెనింగులతో మొదటి ఆట నుంచి మళ్లీ మొదలుపెట్టండి.